పాట నుండి మాటకు

చలనచిత్ర గాయకుని స్థితి మన దేశంలో ఒక విచిత్రమైన స్థితి. ఆయన కంఠం ఎరుగని ఇల్లు ఉండదు. ఆయన ముఖం ఎరిగినవారు మాత్రం చాలాకాలం బహు కొద్దిమంది. తెరమీద పెదవులు కదిపేవారు ఒకరు, ఆ పెదవులకు పలుకునిచ్చేవారు మరొకరు. ఇక ఆ పలుకును వ్రాసిన కవి, దానికి వరుస కూర్చిన సంగీత దర్శకుడు, వాద్యాలు వాయించినవారు మరింత మరుగున నిలిచిపోతారు. ఈ మరుగును కొంతవరకైనా తొలగించిన గౌరవం రేడియోకు దక్కవలసి ఉన్నది. ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధభారతిని ఆరంభించినది. పాటతోపాటు చిత్రం పేరు, పాడినవారి పేర్లు, రచయిత పేరు, సంగీత దర్శకుని పేరు చెప్పడం ఆ ప్రసారాలలో ఒక మర్యాదగా స్థిరపడినది. అనౌన్సరు చెప్పే ఆ ఒక్క వాక్యమే మన ఇళ్ళలో ఎందరికో సినిమా పాటల చరిత్రలో మొదటి పాఠమైనది.

టెలివిజన్ వచ్చిన తరువాత ఆ మర్యాద ఏమైనది? దానిని కాపాడినవారెవరు? ఈ ప్రశ్నకు సమాధానంగా మేము ఒక గాయకుని జీవితాన్ని శ్రోతల ఎదుట ఉంచదలచినాము. ఆయన శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యంగారు. మూడు దశాబ్దాలు పాటతో లోకాన్ని మెప్పించి, ఏబది యేండ్ల ప్రాయంలో మాటను కూడా తమ కళగా స్వీకరించినవారు.

గాయకులు మాటకారులై గృహస్థుల ముందుకు రావడం ఒక్క మన దేశపు విశేషం కాదు. అమెరికాలో డైనా షోర్ అనే గాయని 1940ల నాటి రేడియోలోను, గ్రామఫోను రికార్డులలోను పేరు గడించినది. 1970లో ఆమె పగటిపూట టెలివిజన్‌లో ‘డైనాస్ ప్లేస్’ అనే గోష్ఠిని ఆరంభించి, అతిథులతో మాటలాడుతూ, వంటచేస్తూ, నడుమ ఒక పాట పాడుతూ గృహిణుల అభిమానం పొందినది. తరువాతి గోష్ఠి 1974 నుండి 1980 వరకు సాగినది. మెర్వ్ గ్రిఫిన్ ఫ్రెడీ మార్టిన్ వాద్యబృందంలో పాడినవాడు. 1962లో తన పేరిటనే సంభాషణ కార్యక్రమం మొదలుపెట్టినాడు. 1961లో క్లీవ్‌లాండ్ నగరం నుండి పగటి గోష్ఠి ఆరంభించిన మైక్ డగ్లస్ కూడా పూర్వం కే కైజర్ బృందంలో గాయకుడే. దీనికొక కారణమున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరం అక్కడి పెద్ద వాద్యబృందాలు క్రమంగా చెదరిపోయినవి. గాయకులకు కొత్త జీవనోపాధి కావలసి వచ్చినది. టెలివిజన్‌కు జనం ముందు బెరుకు లేక నిలువగలవారు కావలసి వచ్చినారు. వారి జీవితాలలో చాలావరకు పాట వెనుకబడగా మాట ముందుకు వచ్చినది.

బాలసుబ్రహ్మణ్యంగారి విషయం వేరు. ఆయన మాటలోకి అడుగుపెట్టేనాటికి ఆయన పాట ఏమాత్రం వెనుకబడలేదు. 1996 సంవత్సరానికి తమిళచిత్రం ‘మిన్సార కనవు’లో పాడినందుకు ఆయనకు ఆరవ జాతీయ పురస్కారం లభించినది. సరిగా ఆ 1996లోనే ఈటీవీలో ‘పాడుతా తీయగా’ ఆరంభమైనది. కనుక అవకాశాలు తగ్గి వేరు దారి వెదికినారనడానికి వీలు లేదు. ఆ దారికి మూలం ఎక్కడ ఉన్నదో చూడవలసి ఉన్నది.

ఆయన 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో జన్మించినారు. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో ప్రసిద్ధులైన హరికథకులు. హరికథ ఎటువంటి కళయో మన శ్రోతలకు చెప్పవలసిన పని లేదు. దాసుగారు కీర్తన పాడుతారు. ఆగి అర్థం చెప్పుతారు. ఒక పిట్టకథ చెప్పి నవ్విస్తారు. మరల పాటలోకి వెళ్ళిపోతారు. పాటకు మాట, మాటకు పాట ఊతమై సాగే విద్య అది. టెలివిజన్ వ్యాఖ్యాత అనే పేరు కొత్తదే కాని, ఆ పని మన గుడి మంటపాలలో ఏనాటినుండో ఉన్నదే. బాలసుబ్రహ్మణ్యంగారి టెలివిజన్ సంభాషణ అమెరికా గోష్ఠులకంటె హరికథకే దగ్గర చుట్టమని మా అభిప్రాయం.

ఇంజనీరింగు చదువుకై అనంతపురంలో చేరి, జబ్బుపడి మానుకొని, ఆయన మద్రాసులో చదువు సాగించినారు. 1964లో అక్కడి తెలుగువారి సాంస్కృతిక సంస్థ ఒకటి జరిపిన పాటల పోటీలో ప్రథమ బహుమతి పొందినారు. సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణిగారు ఈ యువకుని చేరదీసినారు. 1966 డిసెంబరు 15న పద్మనాభంగారి ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ చిత్రానికి కోదండపాణిగారే మొదటి పాట పాడించినారు. చిత్రం 1967లో విడుదలైనది. శిష్యుడు ఈ మేలును మరువలేదు. పిదప మద్రాసులో తాము స్థాపించిన రికార్డింగు స్టూడియోకు గురువుగారి పేరే పెట్టుకొన్నారు. పోటీలో పాడి పైకి వచ్చినవాడు, ఒక పెద్దమనిషి చేయూతతో నిలదొక్కుకొన్నవాడు, తరువాత తానే పోటీవేదికపై పెద్దమనిషియై కూర్చుండినాడు. ఆ వేదికను ఆయన నడిపిన తీరును ఈ పూర్వచరిత్ర లేకుండా అర్థం చేసుకొనలేము.

పాటవలెనే ఆయన మాట కూడా చిరకాలం ఇతరుల ముఖాలకే అంకితమైనది. తెలుగులోనికి వచ్చిన కమలహాసన్ చిత్రాలకు, 1982 నాటి ‘గాంధీ’ చిత్రంలో బెన్ కింగ్‌స్లేకు, 1997లో ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరస్వామి పాత్ర ధరించిన సుమన్‌కు ఆయన మాట అరువిచ్చినారు. అంతకు ముందే, 1980లో విడుదలైన ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి పాత్ర వేసిన సోమయాజులుగారికి పాట ఇచ్చి జాతీయ పురస్కారం పొందినారు. ఇంతటి కంఠం తన స్వంత ముఖంతో, స్వంత మాటతో ప్రతివారమూ మన ఇండ్లలోనికి వచ్చినది టెలివిజన్ మూలముననే.

ఈటీవీ ప్రసారాలు 1995 ఆగస్టు 27న ఆరంభమైనవి. మరుసటి యేడు మొదలైన ‘పాడుతా తీయగా’ పేరు 1964 నాటి ‘మూగమనసులు’ చిత్రంలో ఘంటసాలగారు పాడిన పాటనుండి తీసుకొన్నది. ఆ పాటను వ్రాసినది ఆత్రేయగారు, వరుస కూర్చినది కె.వి. మహదేవన్‌గారు. కార్యక్రమం పేరులోనే ముగ్గురు పెద్దలు ఉన్నారన్నమాట. కార్యక్రమం నడత కూడా ఆ పేరుకు తగినట్లే ఉన్నది. ఒక పిల్లవాడు పాట ముగించగానే బాలసుబ్రహ్మణ్యంగారు మార్కులతో ఆగేవారు కారు. ఆ పాటను ఎవరు వ్రాసినారో, ఎవరు వరుస కట్టినారో, కథలో ఏ సందర్భానిదో, పాడేవారికి కష్టమైన తావు ఏదో చెప్పేవారు. రేడియోలో ఒక వాక్యంగా ఉండినది ఇక్కడ ఒక చిన్న ప్రసంగమైనది. మరుగునబడిన వాద్యకారుల పేర్లు, పాతతరం రచయితల పేర్లు మరల ఇంటింటా వినబడినవి.

రెండవ విషయం ఉచ్చారణ. శ, ష, స ల భేదం, ల, ళ ల భేదం, ఒత్తక్షరాల బలం మన నోళ్ళలో పలుచబడుతున్న కాలమది. శ్రుతి తప్పితే సరిదిద్దినట్లే అక్షరం తప్పినా ఆయన సరిదిద్దేవారు. అర్థం తెలియక పాడిన పదానికి అర్థం చెప్పేవారు. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతంలోని దొంతన్‌పల్లి వంటి గ్రామంలో, నగరపు సంగీత కళాశాలకు ఎడంగా ఉన్న ఒక బాలిక ఈ దిద్దుబాటును వినగలిగినదంటే, వేదికమీద ఒకరికి చెప్పిన పాఠం వేల ఇండ్లలో పాఠమైనదన్నమాట. ఫీజు లేని బడి అది. ఓడినవారిని చులకన చేయక, తండ్రివలె ఓదార్చి పంపడం ఆ బడిలోని మరొక పాఠం. తరువాతి కాలంలో ఇటువంటి పోటీలు అనేక ఛానెళ్ళలో వెలసి, కన్నీళ్ళను, కలహాలను వినోదంగా చూపడం మరిగినవి. వాటి నడుమ ఈ నిదానం విలువ మరింత తేటపడినది.

ఈ కథలో ఒక చిక్కు కూడా ఉన్నది. దానిని దాచడం చరిత్రకు తగదు. 2017లో ఆయన అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తమ పాటలను అనుమతి లేక పాడరాదని సంగీత దర్శకులు ఇళయరాజాగారి పక్షాన న్యాయవాది నోటీసు వచ్చినది. పాట పాడినవారిదా, కట్టినవారిదా, వ్రాసినవారిదా, డబ్బు పెట్టినవారిదా అని జనమంతా చర్చించినారు. కర్త పేరును గౌరవంతో చెప్పడం ఒకటి. కర్తకు చెందవలసిన హక్కును చెల్లించడం మరొకటి. మొదటిది మర్యాద, రెండవది చట్టం. మొదటిదానిలో ఎవరికీ తీసిపోని బాలసుబ్రహ్మణ్యంగారికే ఈ రెండవ ప్రశ్న ఎదురు కావడం, మన చిత్రపరిశ్రమ ఈ విషయాన్ని ఎంతకాలం తేల్చక వదిలివేసినదో తెలుపుతున్నది. 2019లో ఆ ఇద్దరు మిత్రులు మరల ఒకే వేదికపై నిలిచి కచేరీ చేసినారు.

2020 ఆగస్టులో కోవిడ్ వ్యాధితో ఆసుపత్రిలో చేరిన బాలసుబ్రహ్మణ్యంగారు సెప్టెంబరు 25న చెన్నైలో కన్నుమూసినారు. 2021లో ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ బిరుదునిచ్చి గౌరవించినది. ఆ యేడే కుమారులు ఎస్.పి. చరణ్‌గారు ‘పాడుతా తీయగా’ను మరల ఆరంభించినారు. ఆ వేదికమీద పాడిన ఉష, గోపికా పూర్ణిమ వంటివారు చలనచిత్ర గాయనులైనారు. అక్కడ పాడినవారిలోనే ఒకరైన స్మితగారు 2023లో ప్రముఖులతో సంభాషించే ‘నిజం’ అనే గోష్ఠిని నిర్వహించినారు. పాటనుండి మాటకు వేసిన బాట మీద మరికొందరు నడుస్తున్నారని దీనివలన తెలుస్తున్నది.

ఒక గాయకుడు మాటకారి అయినంత మాత్రాన అది చరిత్ర కాదు. ఆ మాటను దేనికి వినియోగించినాడన్నదే చరిత్ర. వేదిక దొరికినప్పుడు తన గొప్ప చెప్పుకొనడం సులభం. బాలసుబ్రహ్మణ్యంగారు ఆ వేదికను ఇతరుల ఋణం చెప్పుకొనడానికి వాడినారు. నేడు చేతిలోని ఫోనులో పాట క్షణంలో వినబడుతున్నది. పక్కన కవి పేరు ఉన్నదో లేదో చూచేవారు అరుదు. మన ఇండ్లలో పాట వినబడినప్పుడు ‘దీనిని వ్రాసినవారెవరు?’ అని పిల్లలను ఒక మాట అడుగుదాము. వారికి తెలియకపోతే మనమే చెప్పుదాము. రేడియో నేర్పినది, ఆయన నిలిపినది అయిన ఆ మర్యాద పోకుండా ఉండటానికి అంతకంటె పెద్ద ప్రయత్నమేమీ అవసరం లేదు.