శిఖరానికి సాక్షి: పర్వతారోహణ వృత్తాంతాలు – లేఖన ప్రయోజనం

1. ఉపోద్ఘాతం

కొండలెక్కి వచ్చినవారు ఆ నడకను గురించి రాయడం కొత్తగా పుట్టిన అలవాటు కాదు. ఏ పూట బయలుదేరారు, ఎక్కడ దారి తప్పారు, నీరు ఎక్కడ దొరికింది, ఎక్కడినుంచి వెనుదిరిగారు అనే వివరాలను ఓపికగా రాసి, ముఖపరిచయం లేని పాఠకులకు అందించడం నేడు అంతర్జాలంలో విరివిగా కనిపిస్తుంది. ఈ శ్రమకు ప్రతిఫలం ఉండదు. అయినా రాస్తున్నారంటే కారణమేమిటి? తరువాత వెళ్ళేవారికి దారి చూపడం ఒక కారణమని, తాము సాధించినదాన్ని పదిమందికీ తెలియజేయాలనే కోరిక మరొకటని సాధారణంగా చెబుతారు. రెండూ నిజమే. కాని ఆల్ప్స్, హిమాలయ ఆరోహణ వృత్తాంతాల చరిత్రను పరిశీలిస్తే ఈ రెండింటికీ అడుగున ఉన్న మరొక అవసరం బయటపడుతుంది. పరుగుపందెంలో గెలిచినవానిని చూడటానికి జనం ఉంటారు. శిఖరం మీద ఎవరూ ఉండరు. అక్కడికి చేరినవాని మాటే అక్కడికి చేరినదానికి ఆధారం. అందువల్ల పర్వతారోహణలో రాత సాక్ష్యం స్థానాన్ని పొందింది. ఆ సాక్ష్యం చెప్పే అవకాశం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది ఈ వ్యాసంలో ప్రధానంగా చర్చించే విషయం.

2. మిత్రునికి లేఖ

యూరప్‌లో ఈ ప్రక్రియ లేఖారూపంలో మొదలైంది. ఇటలీ కవి పెట్రార్క్, 1336 ఏప్రిల్ 26న తమ్ముడితో కలిసి ఫ్రాన్స్‌లోని వాంటూ పర్వతం ఎక్కినట్లు తన గురుతుల్యుడైన దియోనీజీకి లేఖ రాశాడు. దారిలో ఒక ముసలి గొర్రెలకాపరి తారసపడి వద్దని వారించడం, తమ్ముడు నిట్టనిలువు దారిన పోతుంటే తాను సులువైన దారులు వెదుకుతూ వెనుకబడటం, పైకి చేరాక సెయింట్ అగస్టీన్ గ్రంథం తెరిచి చదవడం ఇందులోని ప్రధాన ఘట్టాలు. లేఖపై ఉన్న తేదీ ఏదైనా, ఇప్పుడున్న రూపంలో అది 1353 ప్రాంతంలో తయారైందని పరిశోధకులు పలువురు భావిస్తారు. దియోనీజీ 1342లోనే మరణించాడు. అంటే ఇది చనిపోయిన మిత్రునికి రాసిన లేఖ. పెట్రార్క్ అసలు ఆ కొండ ఎక్కాడా అని సందేహించినవారూ ఉన్నారు. ఎక్కాడనడానికైనా, ఎక్కలేదనడానికైనా మన దగ్గరున్న ఆధారం ఆ లేఖ ఒక్కటే!

తెలుగులో కొండ ఎక్కేవారి వర్ణన పాల్కురికి సోమనాథుని కాలానికే ఉంది. పండితారాధ్య చరిత్రలోని పర్వతప్రకరణం శ్రీశైలానికి నడిచిపోయే భక్తుల సమూహాన్ని విస్తారంగా చూపుతుంది. అక్కడ నడిచేది సమూహం. 'నేను ఎక్కాను' అనే వ్యక్తి అక్కడ లేడు. ఆ వ్యక్తి తెలుగు వచనంలో స్పష్టంగా కనిపించేది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రలో. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయనది పల్లకీ ప్రయాణం, పర్వతారోహణ కాదు. అయినా మజిలీకీ మజిలీకీ మధ్య దూరం, దారి తీరు, నీటి వసతి, అంగళ్ళు వంటివాటిని నమోదుచేస్తూ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు తెలియజేస్తూ వచ్చిన పద్ధతి ఆరోహణ వృత్తాంతానికి చాలా దగ్గరిది. ఆ రాత 1838లో, రచయిత మరణించిన రెండేళ్ళకు, పిళ్ళె చేతులమీదుగా అచ్చయింది. పెట్రార్క్ కొండమీద తన ఆత్మను వెదుక్కున్నాడు. వీరాస్వామయ్య వెనుక వచ్చేవాడి దాహం గురించి ఆలోచించాడు. నేటి నడక వృత్తాంతాలకు ఎక్కువ చుట్టరికం ఉన్నది రెండవవానితోనే అనిపిస్తుంది.

3. వెలువడని పుస్తకం

రాత లేకపోతే ఏమవుతుందో మౌంట్ బ్లాంక్ చరిత్ర చెబుతుంది. ఆ శిఖరానికి దారి కనిపెట్టినవారికి బహుమానం ఇస్తానని జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ 1760లో ప్రకటించాడు. 1786 ఆగస్టు 8న షమోనీ గ్రామ వైద్యుడు మిషెల్ పక్కార్, స్ఫటికాలు ఏరి అమ్ముకొనే జాక్ బాల్మా కలిసి శిఖరం చేరారు. పక్కార్ తన ఆరోహణపై పుస్తకం రాయబోతున్నట్లు ప్రకటించి చందాదారులను కోరాడు. పుస్తకం మాత్రం రాలేదు. ఈలోగా, అదే శిఖరం కోసం ప్రయత్నించి విఫలుడైన బూరీ అనే రచయిత, ఘనతనంతా బాల్మాకు కట్టబెట్టి పక్కార్‌ను తక్కువచేస్తూ ఒక లేఖను అచ్చువేయించాడు. 1787లో సొస్యూర్ పద్దెనిమిదిమంది గైడ్లతో శిఖరం చేరి తన వృత్తాంతాన్ని ప్రకటించాడు. 1832లో నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా, వృద్ధుడైన బాల్మాను కలుసుకొని అతడు చెప్పిన కథను తన శైలిలో లోకానికందించాడు. ఆ కథలో పక్కార్ మంచులో చతికిలబడిన మనిషి. అతడిని పైకి లాక్కుపోయినవాడు బాల్మా.

షమోనీలో 1887లో నిలిపిన స్మారకంలో బాల్మా సొస్యూర్‌కు శిఖరాన్ని చూపుతూ ఉంటాడు. పక్కార్ అందులో లేడు. ఆ రోజు షమోనీనుంచి దుర్భిణితో ఆరోహణను గమనించిన గెర్స్‌డార్ఫ్ అనే జర్మన్ యాత్రికుడు రాసుకొన్న వివరాలు, చాలాకాలం తరువాత పరిశోధకుల చేతికి వచ్చి, పక్కార్ తన కాళ్ళమీదే చివరివరకూ నడిచాడని నిరూపించడానికి తోడ్పడ్డాయి. పక్కార్ విగ్రహం 1986లో గానీ వెలవలేదు. రెండు శతాబ్దాలు!

ఈ ఉదంతాన్ని చదువుకొన్నవాడికీ చదువులేనివాడికీ మధ్య జరిగిన పోరుగా చూడటం పొరపాటు. ఇక్కడ ఓడినవాడు వైద్యుడు. గెలిచినవాని పక్షాన ఇతరుల కలాలు పనిచేశాయి.

4. ఫర్ మొక్క

ఇంగ్లీషువారు ఆల్ప్స్‌పై రాసిన వృత్తాంతాల్లో ఆల్‌ఫ్రెడ్ విల్స్ రచనకు ప్రత్యేక స్థానం ఉంది. 1854 సెప్టెంబరు 17న విల్స్, తన గైడ్లతో స్విట్జర్లాండ్‌లోని వెట్టర్‌హార్న్ ఎక్కుతుండగా మరో ఇద్దరు పక్కదారిన పైకి పోతూ కనిపించారు. వారిలో ఒకడి వీపుమీద కొమ్మలతో సహా ఒక చిన్న ఫర్ మొక్క ఉంది. వారు గ్రిండెల్‌వాల్డ్ లోయవాసులు. ఒకడు క్రిస్టియన్ ఆల్మర్. తమ ఊరి కొండ మీద పరాయివారు జెండా పాతబోతున్నారని తెలిసి, ఆ గౌరవంలో తమకూ వంతు ఉండాలని మొక్కను మోసుకొని బయలుదేరారు. విల్స్ గైడ్లు మొదట మండిపడ్డారు. తరువాత రాజీ కుదిరింది. విల్స్ గైడ్లలో ఒకడు వారికి చాక్లెట్ ఇచ్చాడు. జెండా పక్కనే మొక్కనూ నాటారు.

ఈ సంఘటన మనకు తెలిసింది 1856లో విల్స్ ప్రచురించిన పుస్తకంవల్ల. పర్వతారోహణ స్వర్ణయుగం ఈ ఆరోహణతో మొదలైందని చరిత్రకారులు రాయడం ఆనవాయితీ. కాని వెట్టర్‌హార్న్‌ను పదేళ్ళ ముందే, 1844లో, బాన్‌హోల్‌జర్, యౌన్ అనే ఇద్దరు స్థానిక గైడ్లు ఎక్కారు. శిఖరం వారిది, యుగారంభం మాత్రం విల్స్‌ది. ఆ పుస్తకాన్ని చదివి ఆల్ప్స్‌కు బయలుదేరినవారు ఎందరో ఉన్నారు గనుక ఆనవాయితీని పూర్తిగా తోసిపుచ్చలేము. అయితే అది ఆరోహణ చరిత్ర కన్నా ఆరోహణ గ్రంథాల చరిత్ర అని ఒప్పుకోవాలి.

1857లో లండన్‌లో ఆల్పైన్ క్లబ్ ఏర్పడింది. ఆల్ప్స్‌పై చేసిన రచన కూడా సభ్యత్వానికి అర్హతగా లెక్కకు వచ్చింది. సభ్యుల వృత్తాంతాలు 1859లో సంపుటిగాను, 1863నుంచి ఆల్పైన్ జర్నల్‌లోను వెలువడ్డాయి. ఎక్కి వచ్చి రాయడం అప్పటినుంచి మర్యాదగా, దాదాపు బాధ్యతగా స్థిరపడింది. గైడ్ల దగ్గర కూడా ఒక పుస్తకం ఉండేది. అందులో రాసేది గైడు కాదు. అతడిని నియమించుకొన్న యాత్రికులు అతని నైపుణ్యాన్ని, నడవడిని గురించి రాసి సంతకం చేసేవారు. తరువాతి యాత్రికుడు దాన్ని చూసి పని ఇచ్చేవాడు. ఆల్మర్ పుస్తకాన్ని 1896లో యథాతథ ప్రతిగా అచ్చువేశారు. నాలుగు దశాబ్దాల జీవితం, ఎన్నో ప్రథమారోహణలు, అన్నీ ఇతరుల దస్తూరీలో!

5. ఇతరుల కలాలు

ఈ అసమానత ప్రాణంమీదికి వచ్చిన సందర్భం 1865 జూలై 14నాటి మాటర్‌హార్న్ ప్రమాదం. శిఖరం చేరి దిగుతున్న ఏడుగురిలో నలుగురు, తాడు తెగి, పడి చనిపోయారు. మిగిలినవారు ఎడ్వర్డ్ వింపర్, స్థానిక గైడు పీటర్ టౌగ్‌వాల్డర్, అతని కుమారుడు. టౌగ్‌వాల్డర్ తాడు కోశాడని పుకారు పుట్టింది. విచారణలో అతని తప్పు తేలలేదు. వింపర్ కోత ఆరోపణను నిరాకరించినా, బలహీనమైన తాడును ఎంచుకోవడంలో గైడుకు స్వార్థం ఉందేమోనన్న అనుమానానికి తన గ్రంథంలో చోటిచ్చాడు. ఆ గ్రంథం 1871నుంచి పునర్ముద్రణలు పొందుతూనే ఉంది. గైడు విచారణలో చెప్పిన సమాధానాలు దశాబ్దాల తరువాత గానీ అచ్చుకాలేదు. అప్పటికి అతడు లేడు.

స్త్రీల విషయం మరొక తీరు. అమెరికన్ ఆరోహకురాలు మెటా బ్రెవూర్ట్, బీచ్‌హార్న్ ఆరోహణపై రాసిన వ్యాసం 1872లో ఆల్పైన్ జర్నల్‌లో ఆమె మేనల్లుడు కూలిడ్జ్ పేరుతో వచ్చింది. ఆమె ఎక్కింది, ఆమే రాసింది. పేరు మాత్రం చిన్నవాడిది. ఆ క్లబ్ 1970ల మధ్యవరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకోలేదు.

హిమాలయాల్లో పేరు దాచడం రాజ్యావసరమైంది. బ్రిటిష్ సర్వే శాఖ తరఫున 1866లో లాసా చేరిన కుమావూ ఉపాధ్యాయుడు నైన్ సింగ్ రావత్, నూట ఎనిమిదికి బదులు నూరు పూసలున్న జపమాలతో అడుగులు లెక్కించాడు. పరిశీలనల కాగితాలను ప్రార్థనాచక్రంలో దాచాడు. నడిచినవాడే రాసిన వృత్తాంతమది. అయినా లండన్‌లో అది అచ్చయినప్పుడు అతడు 'పండిట్' మాత్రమే. రహస్యం కాపాడటానికి అది తప్పదన్న వాదన సమంజసమే. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణపతకం ప్రకటించేనాటికి పేరు బయటికి వచ్చింది.

1953 మే 29న ఎవరెస్ట్ మీద సాక్ష్యం సమస్య కొత్త రూపం దాల్చింది. శిఖరం మీద తీసిన ఫొటోలో టెన్జింగ్ నార్గే ఉన్నాడు, ఎడ్మండ్ హిల్లరీ లేడు. ముందు అడుగు పెట్టింది ఎవరన్న ప్రశ్న ఖాట్మండు చేరేసరికి దేశాభిమానాల వివాదంగా మారింది. దాదాపు కలిసే చేరామని ఇద్దరూ ఒక ప్రకటనపై సంతకం చేయవలసి వచ్చింది. టెన్జింగ్‌కు చాలా భాషలు వచ్చు, చదవడం రాయడం రాదు. 1955లో వచ్చిన అతని ఆత్మకథను అమెరికన్ రచయిత జేమ్స్ రామ్సే ఉల్మన్, టెన్జింగ్ చెప్పగా విని రాశాడు. ఇక్కడా కలం మరొకరిదే. కాని ఏది చెప్పాలో నిర్ణయించినవాడు ఎక్కినవాడు. లక్షలాది అభిమానులు తన నోట ఏ జవాబు వినాలని ఎదురుచూస్తున్నారో టెన్జింగ్‌కు తెలుసు. తాడులో ముందున్నది హిల్లరీ అని, ముందు అతడు పైకి అడుగుపెడితే తాను వెనుక ఎక్కానని ఆ పుస్తకంలో చెప్పాడు.