ఆకుపచ్చ చుక్క, వీగన్ గుర్తు: సూరత్ నేర్పే చరిత్ర పాఠం

(జీఎస్-1 చరిత్ర, జీఎస్-2 పాలన, జీఎస్-4 నైతికత: మూడింటికీ పనికొచ్చే అంశం)

సూరత్ వాళ్ల పండుగ మిఠాయి ఘారి. శరత్ పూర్ణిమ మర్నాడు వచ్చే చంది పడవో రోజున ఊరంతా తింటుంది. కోవా, నెయ్యి, జీడిపప్పు, పిస్తాలతో చేస్తారు. పెట్టెలో అమ్మే ఘారి మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. అదే ఘారికి వీగన్ గుర్తు మాత్రం రాదు. ఎందుకు రాదో వివరించగలిగితే ఈ అంశంలో సగం మీకు వచ్చినట్టే.

మన సంప్రదాయంలోని అహింస ప్రధానంగా అడిగే ప్రశ్న "దీనికోసం ప్రాణి చచ్చిందా?" అని. వీగన్ వాదం అడిగేది "దీన్ని ప్రాణి దగ్గర తీసుకున్నారా?" అని. మొదటి ప్రశ్నకు పాలు, నెయ్యి నిలబడతాయి. రెండోదానికి నిలబడవు. చాలామంది సమాధాన పత్రాల్లో ఈ రెంటినీ ఒకటిగా రాసేస్తారు. అక్కడే మార్కులు పోతాయి.

1. ఎర్రగుడి నుంచి సూరత్ దాకా

అశోకుడి మొదటి శిలాశాసనం గుర్తు చేసుకోండి. గుజరాత్‌లోని గిర్నార్‌లోనూ, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ అది ఉంది. ఒకప్పుడు తన వంటశాలలో రోజూ లక్షల ప్రాణులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింకతో సరిపెడుతున్నారని, ముందుముందు అవీ ఉండవని రాజు ప్రజలకు చెబుతాడు. తన వంటింటి లెక్కను తానే బయటపెట్టిన పాలకుడతడు. రెండో శాసనం మనుషులతో పాటు పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినట్టు చెబుతుంది.

గుజరాత్‌లో ఈ భావాన్ని నిలబెట్టింది జైన, వైష్ణవ వర్తక సమాజం. ముసలివైన, జబ్బుపడిన పశువులను సాకే పాంజ్రాపోల్‌లు వాళ్ల విరాళాలతో నడిచేవి. 1580లలో జైన ఆచార్యుడు హీరవిజయ సూరిని కలిశాక అక్బర్ పర్యుషణ రోజుల్లో జంతువధను ఆపాలని ఫర్మానా ఇచ్చాడు. మొఘలుల ప్రధాన రేవు సూరత్. అక్కడికి వచ్చిన ఇంగ్లిష్ పాదరీ జాన్ ఓవింగ్టన్ 1696లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఆ ఊరి జంతువుల ఆసుపత్రిని వర్ణించాడు. యూరోపియన్లకు అది ఒక వింత. సూరత్ వర్తకుడికి మామూలు పుణ్యకార్యం.

ఆ రోజుల్లో సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎవరు చేశారో తెలిస్తే ఏం కలిపారో తెలిసినట్టే. తయారీదారు ముఖం కనబడని మార్కెట్ వచ్చాకే గుర్తు అవసరమైంది.

2. నమ్మకం నుంచి చుక్కకు

1857 తూటాల కొవ్వు వివాదాన్ని మనం తిరుగుబాటుకు తక్షణ కారణంగా చదువుతాం. దాన్ని ఇంకో కోణంలోనూ చూడండి: నోటితో కొరికే వస్తువులో ఏముందో తెలుసుకునే దారి సిపాయికి లేదు. స్వతంత్ర భారతంలో 1983లో దాదాపు ఇదే భయం మళ్లీ లేచింది. దిగుమతి చేసుకున్న జంతు కొవ్వు వనస్పతిలో కలుస్తోందని దేశమంతా గొడవైంది.

2001 నాటికి ప్యాకెట్ల మీద శాకాహార, మాంసాహార చుక్కలు తప్పనిసరి అయ్యాయి. ఇక్కడ నిర్వచనం ముఖ్యం. జంతు మూలం ఉన్నదంతా మాంసాహారమే అంటూనే పాలను, పాల పదార్థాలను చట్టం మినహాయించింది. తర్వాతి నిబంధనల్లో తేనె, లక్క వంటివీ మినహాయింపులో చేరాయి. అంటే ఆకుపచ్చ చుక్క మన సంప్రదాయ అహింసకు చట్టరూపం. వీగన్లు అడిగేది అంతకంటే ఎక్కువ.

3. పదార్థం నుంచి పద్ధతికి

మిఠాయి మీద అద్దే వెండి వరక్ చూడండి. అందులో ఉండేది వెండి ఒక్కటే. కానీ పాతకాలపు పద్ధతిలో వెండి ముక్కలను పశువుల పేగు పొరల మధ్య పెట్టి సుత్తితో సాగగొట్టేవారు. 2016లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వరక్ తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధ పదార్థం వాడకూడదని నిబంధన తెచ్చింది. వస్తువులో ఏముంది అన్న ప్రశ్న, ఎలా చేశారు అన్న ప్రశ్నగా మారింది.

కోర్టుల దారి ఇంత సూటిగా లేదు. సౌందర్య సాధనాల మీద కూడా శాకాహార, మాంసాహార గుర్తులు ఉండాలని 2002లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. ఆహారం విషయంలో మాత్రం 2021 డిసెంబరులో రామ్ గౌ రక్షా దళ్ కేసులో ఢిల్లీ హైకోర్టు కోడ్ నంబర్లు రాస్తే చాలదని, ప్రతి పదార్థం మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచా, ప్రయోగశాల నుంచా అన్నది వెల్లడించాలని చెప్పింది.

4. 2022 నిబంధనలు ఏం అడుగుతాయి?

ఆహార భద్రత, ప్రమాణాల (వీగన్ ఆహారాల) నిబంధనలు 2022 జూన్‌లో వచ్చాయి. సూరత్‌లో ఒక చిన్న నమ్‌కీన్ యూనిట్ మీదే అనుకోండి. ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉండాలి. ఆ తర్వాత వీగన్ గుర్తుకు ఆమోదం తీసుకోవాలి. అందుకు మీరు చూపాల్సినవి:

- పదార్థాల్లోనే కాదు, రంగులు, రుచులు, ఎంజైములు, తయారీలో వాడి తీసేసే సహాయకాల్లోనూ జంతు మూలం ఉండకూడదు. కీటకాల నుంచి తీసే ఎరుపు రంగు (120), మెరుపు కోసం పూసే లక్క (904) ఇక్కడే పట్టుబడతాయి.
- భద్రతా పరీక్షలతో సహా దేనికోసమూ జంతువుల మీద ప్రయోగం చేసి ఉండకూడదు. నియంత్రణ సంస్థే కోరిన సందర్భం మినహాయింపు.
- సరుకు ఎక్కడిదో తయారీదారు వరకు జాడ తెలియాలి.
- అమ్మే చోట వీగన్ కాని వాటి నుంచి తేడా తెలిసేలా ఉంచాలి.

గమనించండి, ఇందులో ఎక్కువ పని కాగితాలదే. మసాలా సరఫరాదారు రాతపూర్వక హామీ ఇవ్వకపోతే మీ సరుకు ఎంత శుద్ధమైనా గుర్తు రాదు.

5. చట్టం చేరని చోటు: బట్ట

ఈ నిబంధనలు ఆహారానికే. సూరత్ బతికేది బట్ట మీద. బట్టకు ప్రభుత్వ వీగన్ గుర్తు లేదు. కావాలంటే 1944లో బ్రిటన్‌లో పుట్టిన వీగన్ సొసైటీ 1990 నుంచి ఇస్తున్న ట్రేడ్‌మార్క్ వంటి ప్రైవేటు ముద్రలే దిక్కు.

ధర్మవరం, కంచి చీరల అంచులకు వెళ్లే సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు ఉంది. సంప్రదాయ జరీలో పట్టు దారం చుట్టూ వెండి తీగ చుడతారు. కాబట్టి అది వీగన్ కాదు. లోపల పాలిస్టర్ దారం ఉన్న నకిలీ జరీ వీగన్ పరీక్షలో నెగ్గవచ్చు! హైదరాబాద్‌కు చెందిన చేనేత అధికారి కుసుమ రాజయ్య పురుగును చంపకుండా, చిలుక బయటికి వచ్చాక గూడు నుంచి తీసే అహింసా పట్టుకు పేటెంటు పొందారు. మన సంప్రదాయ ప్రశ్నకు అది గొప్ప సమాధానం. వీగన్ ప్రశ్నకు కాదు, ఎందుకంటే దారం పురుగుదే.

ఇక లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వారిలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఎక్కువ. పట్టు, నూలు నేసిన కులం అక్కడ మరమగ్గాల మీద సింథటిక్ చీరలు నేస్తోంది. ఆ చీరలో జంతువు లేదు. కానీ పెట్రోలియం ఉంది, మగ్గాల చప్పుడులో పన్నెండు గంటల షిఫ్టు ఉంది. వీగన్ ముద్ర వీటి గురించి ఏమీ చెప్పదు.

6. మీ సమాధానంలో సమతూకం

పాల రైతు సంగతి మరవకండి. 1951 నుంచి ఉన్న సుముల్ డెయిరీ మీద సూరత్ చుట్టుపక్కల గ్రామాల, ఆదివాసీ ఇళ్ల ఆదాయం ఆధారపడి ఉంది. మరోవైపు 2022లోనే ఖేడా జిల్లా నడియాద్ నుంచి వీగన్ ఆహారం అమెరికాకు ఎగుమతి అయింది. రెండూ గుజరాత్ జీవనోపాధులే.

కాబట్టి ఇలా ముగించవచ్చు: ధ్రువీకరణ కొనేవాడి తెలుసుకునే హక్కును కాపాడుతుంది, అది అవసరం. కానీ అది ఒక్క ప్రశ్నకే జవాబు. దాన్ని మొత్తం నీతికి కొలబద్దగా చేస్తే పాల రైతు, పట్టు నేతగాడు దోషులవుతారు, కాలుష్యం మాత్రం తప్పించుకుంటుంది. చిన్న యూనిట్లకు కాగితాల భారం తగ్గించడం, బట్టకు, సౌందర్య సాధనాలకు స్పష్టమైన ప్రమాణం తేవడం రాజ్యం చేయాల్సిన పని. 51ఎ(జి) అధికరణ ప్రాణుల పట్ల కరుణ చూపమన్నది. అదే ఉపవాక్యం అడవులను, నదులను కాపాడమని కూడా అన్నది.

సాధన ప్రశ్న: "భారతీయ అహింసా సంప్రదాయం, ఆధునిక వీగన్ ధ్రువీకరణ ఒకే విలువ నుంచి పుట్టినా ఒకే ప్రశ్న అడగవు." తగిన ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)