ఫ్రాన్స్, జర్మనీల పొత్తు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో దుబాయ్ అన్నా మస్కట్ అన్నా అందరికీ తెలుసు. ఫ్రాన్స్ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. నేనుంటున్న తులూజ్ నగరం గరోన్ నది ఒడ్డున ఉంది. విమానాలే ఈ ఊరికి బతుకు. ఇక్కడి కర్మాగారాల వెనుక ఉన్న చరిత్ర మనవాళ్ళకు చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ఫ్రాన్స్, జర్మనీ 1870 నుంచి 1945 లోపల మూడు పెద్ద యుద్ధాలు చేశాయి. అటువంటి రెండు దేశాలు ఇప్పుడు కలిసి క్షిపణులు, హెలికాప్టర్లు, యుద్ధ ట్యాంకులు తయారు చేస్తున్నాయి. దీనికి పునాది పడింది 1950 మే 9న. బొగ్గు, ఉక్కు లేకుండా ఫిరంగి తయారు కాదు కాబట్టి, ఆ రెంటినీ ఉమ్మడి అధికారం కిందికి తెద్దామని ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఆ రోజు ప్రతిపాదించాడు. 1963లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ తర్వాత రెండు దేశాల కంపెనీలు యూరోమిసైల్ పేరిట కలిసి మిలాన్ అనే ట్యాంకు విధ్వంసక క్షిపణిని తెచ్చాయి. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ లైసెన్సు తీసుకుని తయారు చేసిన మిలాన్ ఇదే. అంటే ఈ పొత్తు మన తెలంగాణ గడప ఎప్పుడో తొక్కింది.

అసలు విలీనాలు మొదలైంది 1990లలో. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి ఆర్డర్లు పడిపోయాయి. అమెరికాలో 1995లో లాక్‌హీడ్, మార్టిన్ మారియెట్టా ఒక్కటయ్యాయి. 1997లో మెక్‌డానెల్ డగ్లస్ బోయింగ్‌లో కలిసిపోయింది. ఐరోపాలో మాత్రం ఏ దేశం కంపెనీ ఆ దేశానిదే. ముందు బ్రిటన్, జర్మనీ కంపెనీల మధ్య మాటలు నడిచాయి. 1999 జనవరిలో బ్రిటిష్ ఏరోస్పేస్ తన దేశంలోనే మార్కోనీ రక్షణ వ్యాపారాన్ని కొనడానికి మొగ్గింది. దాంతో జర్మనీ ఫ్రాన్స్ వైపు తిరిగింది. ఆ ఏడాది అక్టోబర్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆ రెండు దేశాల కంపెనీలు కలవడానికి ఒప్పందం కుదిరింది. స్పెయిన్ కంపెనీ కాసా కూడా చేరాక, 2000 జులైలో ఈఏడీఎస్ పుట్టింది. నేటి ఎయిర్‌బస్ అదే.

ఎవరూ చిన్నబోకూడదని కంపెనీని నెదర్లాండ్స్‌లో రిజిస్టర్ చేశారు. ఇద్దరు ఛైర్మన్లను, ఇద్దరు సీఈఓలను పెట్టారు, ఫ్రాన్స్ నుంచి ఒకరు, జర్మనీ నుంచి ఒకరు. దాని ఫలితం ఏ380 విమానం దగ్గర బయటపడింది. ఒక్కో విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల వైరు ఉంటుంది. కామారెడ్డి నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు పోయివచ్చినా ఇంకా మిగిలే పొడవు. హాంబర్గ్‌లో పాత కాటియా సాఫ్ట్‌వేర్‌తో, తులూజ్‌లో కొత్తదానితో డిజైన్ చేశారు. జర్మనీ నుంచి వచ్చిన వైర్ల కట్టలు ఇక్కడ బిగించబోతే పొడవు చాలలేదు. పనివాళ్ళు వాటిని విప్పి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. 2006లో ఆలస్యం సంగతి ప్రకటించగానే షేరు ఒక్కరోజులో పావు వంతుకు పైగా పడిపోయింది. ఏడాది తిరిగాక ఫ్రాన్స్ అధ్యక్షుడు సార్కోజీ, జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ తులూజ్‌లోనే కూర్చుని, ఇద్దరు సీఈఓల పద్ధతి ఎత్తేశారు.

2012లో ఈఏడీఎస్, బ్రిటన్‌కు చెందిన బీఏఈ కలవబోయాయి. ప్రభుత్వాల మధ్య, ముఖ్యంగా జర్మనీతో, పొసగక అక్టోబర్‌లో ఆ మాట వీగిపోయింది. 2015లో ఫ్రాన్స్ ట్యాంకుల కంపెనీ నెక్స్‌టర్, జర్మనీ లియోపార్డ్ ట్యాంకుల కంపెనీ కేఎండబ్ల్యూ చెరిసగం వాటాతో కలిశాయి. ఆ కంపెనీ కూడా నెదర్లాండ్స్‌లోనే నమోదైంది. క్షిపణుల కంపెనీ ఎంబీడీఏలో ఎయిర్‌బస్‌కు 37.5 శాతం, బీఏఈకి 37.5 శాతం, ఇటలీ లియొనార్డోకు 25 శాతం వాటా ఉంది. 2018లో జర్మనీ సౌదీకి ఆయుధాల ఎగుమతి ఆపినప్పుడు, జర్మన్ విడిభాగాలున్న ఉమ్మడి ఆయుధాల విషయంలో బ్రిటన్, ఫ్రాన్స్ కూడా చిక్కులో పడ్డాయి.

ఇన్ని తగాదాలున్నా ఈ పొత్తు గొప్పదే. ఒకరి ఆయుధాల తయారీ ఇంకొకరి కళ్ళ ముందు జరుగుతుంటే, వాళ్ళలో వాళ్ళు యుద్ధానికి దిగే దారి మూసుకుపోతుంది. రెండు తరాల నుంచి ఇక్కడివాళ్ళు ఆ శాంతిలోనే బతుకుతున్నారు.

మన రాష్ట్రానికి కూడా విదేశీ రక్షణ కంపెనీలు భాగస్వాములుగా వస్తున్నాయి. ఎన్ని ఉద్యోగాలు వస్తాయని మనం అడుగుతాం, అది అడగాల్సిందే. డ్రాయింగ్ ఎవరి చేతిలో ఉంటుంది, దాన్ని మార్చే హక్కు ఎవరిది, మరో దేశానికి అమ్మాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నవి కూడా సంతకానికి ముందే అడగాలి. కామారెడ్డిలో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివే పిల్లలు బిగించడంతో పాటు డిజైన్ చేయడం కూడా నేర్చుకోవాలి. పొత్తులో మాట చెల్లాలంటే మన చేతిలో పనితనం ఉండాలి.