కొండలు తేలిక, గరిక కష్టం

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నకి లాప్‌టాప్‌లో ఒక బొమ్మ చూపించాను. ఆయనేమన్నారో తర్వాత చెప్తాను, ముందు బొమ్మ సంగతి.

మా పొలం అమ్మేసి పదేళ్ళు దాటింది. ఇప్పుడక్కడ సున్నం కొట్టిన హద్దురాళ్ళు, ఒక ఆర్చి, ఆర్చి మీద ఏదో సిటీ పేరు. పాత ఫొటో ఒక్కటీ లేదు (పొలానికి ఫొటో తీయాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?). అందుకని ఆ గట్టుని కంప్యూటర్లో మళ్ళీ కట్టాలని నాకో పిచ్చి పట్టింది. చాలా వీకెండ్లు తగలేశాను. దూరం నుంచి చూస్తే బానే వచ్చింది. తాళ్ళ వరస, కాలవ, ఆకాశం, అన్నీ ఉన్నాయి. కెమెరాని గట్టు మీదకి, మోకాలెత్తుకి దించానో లేదో, మొత్తం ఆకుపచ్చ ప్లాస్టిక్ చాప!

నా చేతకానితనమే అనుకున్నా. తీరా పాత పేపర్లు తిరగేస్తే ఈ రంగం మొత్తానిదీ ఇదే కథ అని తెలిసింది. కొండలు ఎప్పుడో వచ్చేశాయి, కాళ్ళ కింద నేల మాత్రం ఏళ్ళ తరబడి సతాయించింది.

1980లో సియాటిల్‌లో జరిగిన సిగ్‌గ్రాఫ్ సభలో, బోయింగ్ ఉద్యోగి లోరెన్ కార్పెంటర్ ‘వోల్ లిబ్ర’ అని ఓ రెండు నిమిషాల సినిమా వేశాడు. కొండల మధ్యన ఎగురుతూ పోవడం, అంతే. కిటుకేంటంటే ఒక త్రిభుజం తీసుకో, అంచుల మధ్య బిందువుల్ని కాస్త అటూ ఇటూ జరుపు, నాలుగు ముక్కలు చెయ్, ప్రతి ముక్కకీ మళ్ళీ అదే. మనం కాలేజీలో రాసిన రికర్షనే. ఆ సినిమా చూసి లూకాస్‌ఫిల్మ్ వాళ్ళు ఆయన్ని తీసేసుకున్నారు.

ఈ పద్ధతి బలం, బలహీనత ఒకటే. దగ్గరికెళ్ళిన కొద్దీ అవే గతుకులు ఇంకా చిన్నగా వస్తాయి. కొండకైతే చెల్లుతుంది. అడుగు దూరంలో చూసే నేలకి చెల్లదు. అక్కడ మట్టిగడ్డ, గులకరాయి, ఎండుటాకు, గడ్డిపరక, దేని పుట్టుక దానిది. కెన్ పెర్లిన్ 1985లో ప్రచురించిన నాయిస్ వల్ల మట్టికీ రాయికీ కాస్త జీవం వచ్చింది (1997లో దానికి ఆస్కార్ వాళ్ళు సాంకేతిక అవార్డు కూడా ఇచ్చారు). గడ్డి మాత్రం లొంగలేదు.

గడ్డి ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే నవ్వొస్తుంది. మంటల్లోంచి వచ్చింది! 1982 నాటి రెండో స్టార్ ట్రెక్ సినిమాలో ఒక గ్రహం తగలబడాలి. దానికోసం విలియం రీవ్స్ లక్షల నిప్పురవ్వల్ని పైకి విసిరి, ఒక్కోటీ ఎటు పోతుందో లెక్కగట్టాడు. అవే పార్టికల్ సిస్టమ్స్. తర్వాత ఆయనకే తట్టింది, రవ్వని కదిలే చుక్కగా కాకుండా, అది పైకి లేచి వంగి పడిన దారి మొత్తాన్నీ ఒకేసారి గీస్తే? గడ్డిపరక! ‘వైట్ శాండ్’ అనే బొమ్మలో గడ్డి దుబ్బులు ఇలా వచ్చినవే. 1984లో ‘ఆండ్రే అండ్ వాలీ బి’ అనే చిన్న సినిమాలో అడవినంతా ఈ దారినే మొలిపించారు.

అదే ‘వైట్ శాండ్’లోని పూలమొక్కలు మాత్రం ఆల్వీ రే స్మిత్‌వి. వాటి మూలం ఇంకో చోట, బొమ్మలతో ఏ సంబంధమూ లేని మనిషి దగ్గర ఉంది. అరిస్టిడ్ లిండెన్‌మేయర్ హంగరీలో పుట్టిన జీవశాస్త్రవేత్త. పోగుల్లా పెరిగే నాచులాంటి జీవుల్లో కణాలు ఎలా విడిపోతాయో రాసుకోవడానికి 1968లో ఒక వ్యాకరణం తయారుచేశాడు. క → కచ, చ → క. ఈ రెండే సూత్రాలు. క తో మొదలెడితే కచ, కచక, కచకకచ, కచకకచకచక... పొడవులు 1, 2, 3, 5, 8. అవును, ఫిబొనాచీనే. మనం కంపైలర్ల క్లాసులో నేర్చుకున్న వ్యాకరణంలో ఒక్కో అడుగులో ఒక్క గుర్తే మారుతుంది, ఇక్కడ అన్నీ ఒకేసారి మారతాయి, ఎందుకంటే మొక్కలో కణాలు వంతులేసుకుని పెరగవు కదా. కొమ్మ కావాలంటే బ్రాకెట్ తెరిచి మూసేస్తే సరి, అంటే స్టాక్ మీద పుష్, పాప్. స్మిత్ 1984 పేపర్లో దీన్ని గ్రాఫిక్స్‌లోకి తెచ్చాడు. లిండెన్‌మేయర్ 1989లో పోయాడు. ప్రుసింకివిచ్‌తో కలిసి రాసిన ‘ది ఆల్గొరిథమిక్ బ్యూటీ ఆఫ్ ప్లాంట్స్’ 1990లో వచ్చింది. పీడీఎఫ్ ఉచితంగానే దొరుకుతుంది, చదవకపోతే మీ ఇష్టం.

1998లో డాయ్‌సెన్ బృందం ఇంకో మెట్టెక్కింది. ముందు ఏ మొక్క పక్కన ఏది బతుకుతుందో, ఏది ఏ నీడలో చస్తుందో సిమ్యులేషన్ చేసి, ఆ తర్వాతే బొమ్మ వేశారు.

గేమ్స్ వాళ్ళకి అంత తీరిక లేదు. రెండు మూడు అట్టముక్కలు అడ్డదిడ్డంగా గుచ్చి, వాటి మీద గడ్డి ఫొటో అతికించేవాళ్ళు. పైనుంచి చూస్తే గుట్టు రట్టు. 2020లో వచ్చిన ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’లో ప్రతి పరకా ఒక బెజియే వంపు, జీపీయూ అప్పటికప్పుడు లెక్కగట్టి గాలికి ఊపుతుంది. ఈలోగా ఇంకో దారి కూడా పడింది. నిజం నేలని వందల ఫొటోలు తీసి, అచ్చంగా త్రీడీలోకి దించేయడం. మెగాస్కాన్స్ అలాంటిదే, 2019లో దాన్ని ఎపిక్ కొనేసింది.

నేనూ ఆ స్కాన్ల దారే పట్టాను. డబ్బులు పెట్టి ఒక లైబ్రరీ కొన్నాను. ఓక్, పైన్, నాచు పట్టిన మొద్దులు, ఫెర్నులు... గరిక కోసం వెతికితే బెర్ముడా గ్రాస్ పేరుతో ఒక లాన్ దొరికింది. జాతి అదే, కాదనను. కానీ బంగళా ముందర కత్తిరించిన గరిక అది. దాన్నే గట్టంతా పరిచి నాన్నకి చూపించాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "తాళ్ళు బానే ఉన్నయ్. ఇదేం గరికరా? గరిక ఇట్టా నిలబడిద్దా? పాకుద్ది. కణుపు కణుపుకీ వేరు దిగుద్ది. అందుకేగా గట్టు తెగకుండా ఉండేది."

తిరిగొచ్చాక లైబ్రరీ పక్కన పడేసి ఆయన మాటనే సూత్రంగా రాశాను. కణుపు → వేరు, రెండు ఆకులు, ముందుకొక కాడ, కొసన ఇంకో కణుపు. అప్పుడప్పుడు బ్రాకెట్ తెరిచి పక్కకి ఇంకో తీగ. మొదటిసారి తరాలు ఎక్కువ పెట్టేసి మెమరీ అయిపోయి లాప్‌టాప్ బిగుసుకుపోయింది. తగ్గించి మళ్ళీ నడిపాను.

ఇప్పటికి మూడు గజాల గట్టు మీద పాకింది. కాలవ వైపు తుంగ ఇంకా మొదలుపెట్టలేదు.