కట్టడి కాలంలో మార్లవాయి



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. హాస్టళ్లు మూతపడ్డాయి. మ్యూజియంలు ఫోన్లలోకి వచ్చాయి. అప్పుడు మన కళను ఎక్కడ వెతుక్కోవాలి? దీనికి జవాబు మార్లవాయి చరిత్రలో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆంగ్ల ప్రభుత్వం శత్రుదేశీయుడిగా చూసి, హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్లకుండా కట్టడి చేసింది. ఆ కట్టడి కాలంలోనే ఆయన ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చారు. మార్లవాయిలో నివసించి, వారి జీవితాన్ని, పండుగలను రాసుకున్నారు, ఫొటోలు తీశారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థ భద్రపరిచింది. వాటిని ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చూడవచ్చు.

కానీ ఫొటోలో డోలు మోగదు, పెప్రె పలకదు. అడుగు నేర్పేది మనిషే. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు.

మీ ఊరి పెద్దలు ఉండగానే వారి పాటను మన భాషలోనే రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, సందర్భం తప్పక రాయండి. ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టి, వారితో కలిసి అడుగు వేయండి.