ఇంటర్‌ఫేస్ ఎప్పుడు అవసరం: డిపెండెన్సీ ఇంజెక్షన్ చరిత్రపై ఒక పరిశీలన

ఒక క్లాస్ తన పనికి కావలసిన ఆబ్జెక్టులను తానే సృష్టించుకోకుండా బయటినుంచి అందుకోవడమే డిపెండెన్సీ ఇంజెక్షన్. అలా అందే ప్రతిదానికీ ఇంటర్‌ఫేస్, అంటే ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం, ఉండి తీరాలన్న మాట శిక్షణ తరగతుల్లో పాతుకుపోయింది. నిజానికి ఈ రెండూ వేర్వేరు అవసరాల్లోంచి పుట్టాయి.

మారే అవకాశమున్న నిర్ణయాన్ని మాడ్యూల్ లోపల దాచాలని 1972లో డేవిడ్ పార్నాస్ ప్రతిపాదించాడు. 1996లో రాబర్ట్ మార్టిన్, వివరాలపై కాక అమూర్త రూపాలపై ఆధారపడాలనే డిపెండెన్సీ ఇన్వర్షన్ సూత్రాన్ని వివరించాడు. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ వ్యాసంతో డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరు స్థిరపడింది. అదే ఏడాది మార్చిలో జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ 1.0 వచ్చింది.

క్లాసుకొక ఇంటర్‌ఫేస్ రాసే అలవాటుకు రాబర్ట్ మార్టిన్ సూత్రమే మూలమని సాధారణంగా చెబుతారు. అప్పటి పనిముట్ల పరిమితులు అంతకంటే బలమైన కారణంగా కనిపిస్తాయి. 1998 నాటి జావా సర్వర్ ప్రమాణం ఈజేబీ తన కాంపొనెంట్లకు ఇంటర్‌ఫేస్‌లను తప్పనిసరి చేసింది. 2000లో జావా 1.3తో వచ్చిన డైనమిక్ ప్రాక్సీ ఇంటర్‌ఫేస్‌లకే పనిచేసేది. స్ప్రింగ్ ట్రాన్సాక్షన్లు మామూలుగా, పరీక్షలకు నకిలీ ఆబ్జెక్టులిచ్చే ఈజీమాక్ తొలి రూపం పూర్తిగా దానిమీదే ఆధారపడ్డాయి. క్లాసులకు ప్రాక్సీ కట్టే సీజీలిబ్ కూడా స్ప్రింగ్ వచ్చేనాటికే ఉంది కనుక ఇది పూర్తి నిర్బంధం కాదు. ఈజేబీలో లాగా మరో యంత్రంలోని కోడ్‌ను పిలిచేచోట ఇంటర్‌ఫేస్ న్యాయమైనదే. అయితే 2009లో ఈజేబీ 3.1 ఇంటర్‌ఫేస్ లేని కాంపొనెంట్లను అనుమతించింది. 2018లో స్ప్రింగ్ బూట్ 2.0 క్లాస్ ప్రాక్సీనే సహజ ఎంపిక చేసింది. కారణం తొలగినా అలవాటు పోలేదు.

ఇంటర్‌ఫేస్ అసలు విలువ హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ముందుండి నడిపిన సంపర్క్ యంత్రానువాద వ్యవస్థలో తేటపడుతుంది. పద విశ్లేషణ, పదనిర్మాణం వంటి మాడ్యూళ్లను వేర్వేరు సంస్థలు తయారుచేశాయి. శక్తి స్టాండర్డ్ ఫార్మాట్ అనే ఉమ్మడి రూపం వాటిని కలిపింది. అది జావా ఇంటర్‌ఫేస్ కాదు, డిపెండెన్సీ ఇంజెక్షనూ కాదు. అయినా ఒకరి మాడ్యూల్ లోగుట్టు మరొకరికి తెలియనవసరం లేకుండా చేసిన ఒప్పందం.

నేటి ప్రాజెక్టుల్లో ఒకే ఒక్క అమలు ఉన్న ఇంటర్‌ఫేస్‌లు కుప్పలుగా పేరుకున్నాయి. ఇవి విస్తరణకు తోడ్పడవు, కోడ్ చదివేవారికి భారమవుతాయి. బయటివారు ప్లగిన్లు రాసేచోట, రెండో అమలు నిజంగా ఉన్నచోట, డేటాబేస్, చెల్లింపుల వంటి బయటి సేవలను తాకేచోట ఇంటర్‌ఫేస్ కావాలి. మిగతాచోట్ల మామూలు క్లాస్‌నే కన్‌స్ట్రక్టర్ ద్వారా అందిస్తే చాలు. ఒకసారి బయటికిచ్చిన ఇంటర్‌ఫేస్‌ను మార్చడం కష్టం. 2014లో జావా 8 తెచ్చిన, ఇంటర్‌ఫేస్‌లోనే అమలునిచ్చే డిఫాల్ట్ మెథడ్లు ఆ కష్టాన్ని తగ్గించాయే తప్ప తొలగించలేదు. అందుకే ఆ మిగతాచోట్ల రెండో అమలు కంటికి కనిపించేదాకా ఆగడమే మేలు.