ఇనియాక్ ఫొటోలో ఆ అమ్మాయిలెవరు?

రిలీజ్ అయ్యాక వచ్చే అభినందన మెయిల్లో మేనేజర్ల పేర్లన్నీ ఉండి, రాత్రంతా కూర్చుని బగ్ పట్టినవాడి పేరు లేకపోతే ఎంత మండుతుందో మనకి తెలుసు కదా! ఈ ఆచారం మన వృత్తి పుట్టిన రోజు నుంచీ ఉంది. కాకపోతే అప్పుడు పేర్లు వదిలేసింది పత్రికలు. ఆ పేర్లు ఆరుగురు ఆడవాళ్ళవి.

1946 ఫిబ్రవరి 15న ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఇనియాక్‌ని లోకానికి చూపించారు. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులున్న యంత్రం. ఫిరంగి గుండు దారిని మనిషి లెక్కగడితే 30, 40 గంటలు పట్టేది. ఇదేమో అసలు గుండు నేల తాకేలోపే లెక్క తేల్చేసింది. పేపర్ల నిండా ఆ యంత్రం గొప్పతనమే. మాక్లీ, ఎకర్ట్ పేర్లొచ్చాయి. రావలసినవే, కట్టింది వాళ్ళే. మరి ఆ లెక్క ఎలా చెయ్యాలో యంత్రానికి చెప్పిందెవరు?

కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. అందరూ అంతకుముందు సైన్యం కోసం చేత్తో లెక్కలు కట్టినవాళ్ళు. ఆ ఉద్యోగం పేరే 'కంప్యూటర్'! వీళ్ళకి ప్రోగ్రామింగ్ భాష లేదు, మాన్యువల్ లేదు. సర్క్యూట్ బొమ్మలు చూసి యంత్రాన్ని అర్థం చేసుకుని, వైర్లు గుచ్చి, స్విచ్‌లు తిప్పి ప్రోగ్రామ్ చేశారు.

ఆ రోజు డెమోలో నడిచిన ప్రోగ్రామ్ బెట్టీ, జీన్‌లది. ముందురోజు రాత్రి వరకూ అందులో ఓ బగ్. గుండు నేల తాకాక కూడా ఆగకుండా భూమిలోకి దూసుకుపోతోంది. ఎక్కడ తప్పుందో బెట్టీకి నిద్రలో తట్టింది. పొద్దున్నే వెళ్ళి ఒక్క స్విచ్ మార్చింది, అంతే. ఆ సాయంత్రం విందుకి మాత్రం వీళ్ళకి పిలుపు లేదు.

విలేకరులకి ఆడవాళ్ళంటే పగ అని నేననుకోను. సైన్యం ఇచ్చిన ప్రకటన చూసి రాశారు. యంత్రం తనంతట తానే ఆలోచిస్తుందన్నట్టు రాస్తే, దాని పక్కన నిలబడ్డ అమ్మాయిలు టైపిస్టులో, అలంకారమో అయిపోతారు. కానీ అడగడం వాళ్ళ పనే కదా, ఒక్కరూ అడగలేదే! తర్వాత సైన్యం నియామకాల ప్రకటనలో ఫొటోని కత్తిరించేసి, మగాయన్ని మాత్రం ఉంచారు.

పేరొచ్చినంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ లేదు. 1964లో డొరోతీ హాడ్జ్‌కిన్‌కి రసాయనశాస్త్రంలో నోబెల్ వస్తే, ఓ బ్రిటిష్ పేపరు 'ఆక్స్‌ఫర్డ్ గృహిణికి నోబెల్' అని హెడ్డింగు పెట్టింది. పెన్సిలిన్, విటమిన్ బి12 నిర్మాణాలు తేల్చిన మనిషి గురించి!

1980ల్లో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని ఇనియాక్ ఫొటోలు చూసి, వీళ్ళెవరని అడిగింది. ఫ్రిజ్‌ల ప్రకటనల్లో పక్కన నిలబడే మోడళ్ళలాంటి వాళ్ళని జవాబొచ్చింది. ఆమె నమ్మక, వెతికి పట్టుకుంది. 1997లో ఆరుగురికీ విమెన్ ఇన్ టెక్నాలజీ ఇంటర్నేషనల్ వారి గౌరవం దక్కింది. రూత్ 1986లోనే చనిపోయింది. ఆమె తరఫున భర్త అందుకున్నాడు.